ఆఖరి భాగం

వేట నిషేధం మొదలైన మూడో రోజు
అర్జిల్లి దానయ్య నా కొట్టుకొచ్చాడు.
కూతురు కొనిచ్చిన కొత్త ఫోను
అట్టపెట్టె విప్పకుండానే బల్ల మీద పెట్టి
"ఇందులో సింహళం ఆడతాదా?" అన్నాడు.

చెంగల్రావుపేటలో ఈ కొట్టుకి నలభై ఏళ్ళు.
మా నాన్న రేడియోలు బాగుచేసేవాడు, నేను ఫోన్లు.
రాత్రి పదకొండు దాటితే
విప్పిపడేసిన ఏదో ఒక సెట్టు
తెలియని భాషలో పాట అందుకునేది.
నాన్న ముల్లు తిప్పేవాడు కాదు.
ఎవరో ఇన్ని నీళ్ళు దాటించి పంపారు కదా,
మధ్యలో నొక్కేస్తే ఏం మర్యాద, అనేవాడు
సోల్డరింగ్ పొగలోంచి.

దానయ్య సంగతి వేరు.
పద్నాలుగేళ్ళ కిందట ఇంజను చచ్చిన బోటు
తొమ్మిది రోజులు కొట్టుకుపోయి
ట్రింకోమలీ దగ్గర తేలింది.
ఏడు నెలలు జైలు.
గోడకి, అందనంత ఎత్తున, ఒక టీవీ.
రోజూ ఏడున్నరకి వార్డెను సోమపాల
కుర్చీని ఊచల వైపు జరుపుకుని
సీరియల్లో ఎవరేం చేశారో
వీళ్ళకి చేతుల్తో చెప్పేవాడు.
చెంప మీద అరచెయ్యి: కొట్టాడు.
వేలికి చుట్టిన వేలు: పెళ్ళి.
కళ్ళ కింద రెండు గీతలు: ఆ పిల్ల ఇవాళా ఏడుస్తోంది.

"మల్లీ అంటే ఆళ్ళకి తమ్ముడు బాబూ.
మామ అంటే నేను.
సిందు మనం ఏత్తాం, ఆళ్ళు పాడతారు.
ఆదరే అంటే..."
ఆగిపోయి, జెట్టీ మీద ఆరేసిన వలల వైపు చూశాడు.
నేను అడగలేదు.
ఆ మాట మనింట్లోదే అనిపించింది.

ఆఖరి భాగం సోమవారం.
శనివారమే వీళ్ళని వదిలేశారు.
"జైల్లోంచి ఒగ్గేత్తే ఏడిసినోణ్ణి
నేనొక్కణ్ణే" అని నవ్వాడు.

సీరియలు పేరు గుర్తులేదు, రాగం గుర్తుంది.
దానయ్య ముక్కుతో తీసిన ఆ రాగాన్ని
ఫోనుకి వినిపించాం.
సబ్బు ప్రకటన వచ్చింది.

రోజూ వచ్చేవాడు. వెతికేవాళ్ళం.
మేం వెతికేది తప్ప
దాని తర్వాత పుట్టినవన్నీ దొరికాయి.
దుప్పటి తెరగా కట్టి
మంచం మీంచి ర్యాప్ పాడే కుర్రాడు,
ఆటోలో కూచుని మంత్రుల్ని కడిగేసే అమ్మాయి,
పెట్రోలు క్యూలోనే గిటారు విప్పిన ముగ్గురు,
తాతల నాటి బైలాకి కొత్త డ్రమ్ములు.
"ఎప్పుడెదిగిపోనారు ఈళ్ళంతా?"
అన్నాడు దానయ్య,
పొరుగింటి పిల్లల్ని
చాన్నాళ్ళకి చూసినవాడిలా.

నలభయ్యో రోజు ఏదో వెబ్ సిరీస్.
అందులో తల్లి, నెరిసిన జుట్టు,
కొడుకు మీద అరుస్తూ కూర తరుగుతోంది.
ఫోను నా చేతిలోంచి లాక్కున్నాడు.
"ఓలమ్మో, ఇది మన గుంట! ఏడిసే గుంట!"

ఆమె పేరు పట్టుకుని వెనక్కి ఈదాం.
దొరికింది.
నూట ఇరవై ఆరు భాగాలు,
అరిగిన టేపు గీతలతో,
మూలన చెదిరిన చానల్ గుర్తుతో.
ఆఖరిది నొక్కబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"ఇక్కడొద్దు. దింపియ్యి.
నీళ్ళ మీద సూత్తాను."

జూన్ పదిహేనున
గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టి బోట్లు కదిలాయి.

వారం తర్వాత, ఛార్జరు కోసం,
ఆ బోటు కుర్రాడు ఎల్లాజీ వచ్చాడు.
డాల్ఫిన్స్ నోస్ దీపం మునిగి
సిగ్నలు కూడా పోయాక
దానయ్య ఇంజను ఆపించాడట.
ఐసు పెట్టె మీద ఫోను నిలబెట్టి
ఐదుగురినీ కూచోబెట్టాడట.

"అర్థమైందేట్రా?"

"భాష మాకేటి తెలుసన్నా. తాతే సెప్పినాడు"
అంటూ వాడు
పొలుసులంటిన వేళ్ళతో
కళ్ళ కింద రెండు గీతలు గీసుకున్నాడు.
ఒక్క క్షణం ఆలోచించి
మోచేత్తో తుడిచేశాడు.